పసివారికి ఎండపూత



వేసవి వచ్చినచో బిడ్డలను నీడకు పిలుచుట మన యిండ్లలో తాతలకును అవ్వలకును అనాదిగా వచ్చుచున్న పని. ఆ పనిలో ఈ నడుమ ఒక క్రొత్త వస్తువు వచ్చి చేరినది. పట్టణమున నుద్యోగము చేయు కొడుకును కోడలును సెలవులకు వచ్చి, పెట్టెలోనుండి ఒక గొట్టము తీసి, అందలి తెల్లని లేపనమును బిడ్డ ముఖమునకు పూయుట మీలో పలువురు చూచియే యుందురు. దానిని సన్‌స్క్రీన్ అందురు. ఈ ప్రసంగములో నేను దానిని ఎండపూత అని పిలిచెదను. ఇది అవసరమా, ఆడంబరమా? అవసరమైనచో ఏ బిడ్డకు? కొనునపుడు ఏమి చూడవలయును? ఎంత పూయవలయును? పసిబిడ్డలకు వైద్యము చేయువాడను గనుక నన్ను తరచుగా అడుగు ప్రశ్నలివి. వీనికి సమాధానములు క్రమముగా మనవి చేసెదను.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలయును. ఎండలో కంటికి కనబడు వెలుగు కలదు. ఒంటికి తగులు వేడి కలదు. ఈ రెండును గాక, కంటికి కనబడనివియు, తగిలినను వేడిగా తోచనివియు నగు కిరణములు కొన్ని కలవు. 1801వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడగు రిట్టరు అను శాస్త్రజ్ఞుడు వెండితో చేసిన యొక లవణమును సూర్యకాంతిలోని రంగుల వరుసలో నుంచి చూడగా, ఊదారంగునకు ఆవల, ఏ రంగును కనబడనిచోట, అది మిక్కిలి త్వరగా నల్లబడెను. ఆ విధముగా ఈ కిరణములు బయటపడినవి. వీనికి అతినీలలోహిత కిరణములని పేరు. వడదెబ్బ కొట్టునది వేడి. చర్మమును కమిలించునది ఈ కిరణము. ఎండపూత కిరణమును అడ్డగించును గాని వేడిని అడ్డగింపలేదు. కావున పూత పూసితిమి గదా యని బిడ్డను మిట్టమధ్యాహ్నము ఆటకు విడుచుట ప్రమాదకరము. వడదెబ్బ తగులకుండ కాపాడునవి నీడ, నీరు, మజ్జిగ, విశ్రాంతి మాత్రమే.

కిరణముల బలమును కొలుచుటకు నేడు యంత్రములును, దానిని తెలుపుటకు సంఖ్యలును కలవు. ఆ సంఖ్య 3 మొదలుకొని జాగ్రత్త వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుదురు. మన ప్రాంతమున వేసవి మధ్యాహ్నములందు అది 11ను దాటుట సామాన్యము. ఆ సంఖ్య తెలియకున్నను లోపము లేదు. అడుగులతో నీడను కొలిచి ప్రొద్దు చెప్పిన పెద్దలు మన పల్లెలలో నుండిరి. ఆ కొలతయే యిచటను పనికివచ్చును. బిడ్డ నీడ బిడ్డకంటె పొడవుగా నున్నంతవరకు కిరణములకు బలము తక్కువ. నీడ బిడ్డకంటె పొట్టియైనచో కిరణములు తీక్ష్ణములని తెలియుడు. విజయవాడలో మే నెల మొదటి వారమునను, మరల ఆగస్టు మొదటి వారమునను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు మన నీడ మన పాదములక్రిందనే అణగిపోవును. ఆగస్టులో వానమబ్బుల వలన వేడి తెలియకపోవచ్చును. కాని పలుచని మబ్బు ఈ కిరణములను చాలవరకు పోనిచ్చును. గాలి చల్లగా నున్నదని మోసపోరాదు.

ఒక వృద్ధ రైతు నాతో నిట్లనెను: "అయ్యా, మా తాత ముత్తాతలు ఎండలోనే దున్నిరి, ఎండలోనే ఊడ్చిరి, ఎండలోనే కోసిరి. వారెవరును ఏ పూతయు నెరుగరు. నా మనుమనికి మాత్రమెందుకు?" ఇది న్యాయమైన ప్రశ్న. మన చర్మమునకు రంగునిచ్చు పదార్థమొకటి కలదు. దానిని మెలనిన్ అందురు. అది ప్రకృతి పుట్టుకతోనే పూసి పంపిన ఎండపూత. రంగు దట్టమైనకొలది రక్షణ హెచ్చు. అందుచేతనే తెల్లని ఒడలుగల ఆస్ట్రేలియా వాసులలో చర్మపు కాన్సరు విస్తారము, మనలో అరుదు. ఆ దేశమున క్వీన్స్‌లాండు రాష్ట్రములో 1992లో 1,600 మందికి పైగా పెద్దలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిని ప్రతిదినము పూత పూసికొనుడనియు, రెండవ భాగమువారిని తమ యిష్టానుసారము చేయుడనియు చెప్పి, ఏండ్ల తరబడి గమనించిరి. ప్రతిదినము పూసికొన్నవారిలో ప్రాణాపాయమునకు దారితీయు కాన్సరులు తగ్గినట్లు తేలినది. పూత పనిచేయుననుటకు ఇది గట్టి నిదర్శనము. అయినను తెల్లవారికి చేసిన ఆ లెక్కను తెచ్చి చామనచాయగల ప్రతి బిడ్డకును అంటగట్టరాదు. మన బిడ్డలలో హెచ్చుమందికి నీడపట్టు, నిండుచేతుల చొక్కా, తలమీద టోపీయో గుడ్డయో, ఎండ ముదిరినవేళ ఇంటిపట్టున నుండుట, ఈ నాలుగును ముఖ్యము. తీర్థములకు పోయినపుడో, సముద్రతీరమున ఆడునపుడో, ఎండలో చాలసేపు గడపక తప్పనిచో, ఐదవదిగా పూతను చేర్చవచ్చును.

కాని ప్రకృతి ఈ పూత పూయక పంపిన బిడ్డలును మన యూళ్లలో కలరు. పుట్టుకతోనే వారి ఒడలు తెల్లగా నుండును. వెంట్రుకలు తెల్లగానో పసుపుపచ్చగానో యుండును. కన్నులు వెలుతురును ఓర్వలేవు. చూపు నిలుకడలేక కదలుచుండును. వైద్యులు దీనిని ఆల్బినిజము అందురు. తోడి పిల్లలు "దొర" యని వేళాకోళము చేయుదురు. ఇది బొల్లి కాదు, కుష్ఠు కాదు, అంటువ్యాధి కాదు. గర్భిణిగా నున్నపుడు తల్లి గ్రహణము చూచుటవలన వచ్చినది కాదు. తల్లికిని తండ్రికిని సామాన్యమైన రంగే యుండవచ్చును. వారిద్దరిలోను మరుగుపడియున్న లోపము రెండువైపులనుండియు బిడ్డకు చేరినపుడు ఇట్లగును. అట్టి దంపతులకు ప్రతి కానుపునందును నాలుగింట ఒక వంతు ఈ అవకాశము కలదు. మేనరికములలో ఒకే లోపము ఇరువైపుల నుండు అవకాశము హెచ్చు. కావున ఒక్క తల్లినే నిందించుట తెలియనితనము.

ఈ బిడ్డకు ఎండపూత సోకు కాదు, మందు. కొద్దిపాటి ఎండకే వాని ఒడలు కమిలి పొక్కును. ఏండ్లు గడచినకొలది మానని పుండ్లు పుట్టి కాన్సరుగా మారవచ్చును. ఆఫ్రికాఖండమున ఇట్టివారు పలువురు చిన్నవయసుననే చర్మపు కాన్సరునకు బలియగుట చూచి, టాంజానియా దేశమున మోషీ నగరములో ఈ పూతను స్థానికముగనే తయారుచేసి వారికి పంచు ఏర్పాటు చేసిరి. శైశవము నుండియు ఎండనుండి కాచుకొన్నచో ఆ పుండ్లు చాలవరకు తప్పింపదగినవి. మీ యూర నట్టి బిడ్డ యున్నచో, వాడు నలువది యేండ్లకు ఎట్లుండునో అనునది నేడు వానిని మనము కాచు విధమును బట్టి యుండును. నేను ముఖ్యముగా చెప్పవచ్చినది ఈ మాటయే. బొల్లి మచ్చలుగల బిడ్డకును ఆ మచ్చలమీద పూత మేలుచేయును.

ఇక కొనునపుడు చూడవలసినవి. గొట్టముమీద ఎస్.పి.ఎఫ్. అను అక్షరముల ప్రక్క ఒక సంఖ్య యుండును. అది 30 అయినచో, సరిగా పూసినపుడు చర్మమును కమిలించు కిరణములలో 30వ వంతు మాత్రమే లోనికి పోవును. 50 అయినచో 50వ వంతు. 30కి తక్కువది బిడ్డకు కొనవలదు. 30కిని 50కిని భేదము స్వల్పమే. పూయు పరిమాణములో వచ్చు భేదము అంతకంటె పెద్దది. రెండవది, 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అను మాట యుండవలయును. లోతుగా చొచ్చు మరియొక జాతి కిరణములను గూడ అడ్డగించునని దాని భావము. మూడవది, లోపలి పదార్థములలో జింక్ ఆక్సైడ్ గాని టైటానియమ్ డయాక్సైడ్ గాని యున్నది పసివారికి మేలు. జింకనగా మన పెద్దలు తుత్తునాగమనెడి లోహమే. ఈ పొడులు చర్మముమీదనే నిలిచి కిరణములను ఆపును. మంట పెట్టుట తక్కువ. అట్లని పొడి తెచ్చి యింట కలిపి పూయరాదు. పరిమళము లేనిది మంచిది. గాలిలోనికి చిమ్మునది వలదు. బిడ్డ ఊపిరితో లోనికి పోవును. దోమలమందు కలిసినది వలదు. పూతను మాటిమాటికి పూయవలయును, దోమలమందు నట్లు పూయరాదు. గడువు తేదీని చూడుడు. మేని రంగు తెల్లగ చేయునని చెప్పి అమ్ము క్రీములు వేరు. వానికిని దీనికిని సంబంధము లేదు. పసివారికి వానిని దరిచేరనీయకుడు.

ఎంత పూయవలయును? పరీక్షశాలలో చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల వంతున పూసి ఆ సంఖ్యను నిర్ణయింతురు. లోకులు అందులో సగము కూడ పూయరు. అందుచే గొట్టముమీద 30 అని యున్నను ఒంటిమీద నిలుచు రక్షణ చాల తక్కువ. ఐదేండ్ల బిడ్డ పొట్టిచేతుల చొక్కా, పొట్టిలాగు తొడిగినచో, ముఖము, మెడ, చేతులు, కాళ్లు కలిపి ఇంచుమించు ఒక నిండు టీచెంచా పూత పట్టును. 50 గ్రాముల గొట్టము పదిమార్లకు సరిపోవును. దినమునకు రెండుమార్లు పూసినచో ఐదు దినములలో అయిపోవును. అదే బిడ్డకు నిండుచేతుల చొక్కాయు, పాదముల దాక లాగును తొడిగినచో ముఖము, మెడ, చేతుల వెనుకభాగము మాత్రమే మిగులును. ఆ గొట్టమే ఇరువదిమార్లకు పైగా వచ్చును. దట్టముగా నేసిన గుడ్డ చెమటకు కారిపోదు, గడువు తీరదు. బీదయింట ఇది గొప్ప సంగతి. కొనగలిగిన కొద్దిపాటి పూతను గుడ్డ కప్పలేనిచోట్ల దట్టముగా పూయుడు.

పూయు విధము సులభము. క్రొత్త గొట్టమును మొదట మోచేతి లోపలిభాగమున కొంచెము రాసి, మరునాటివరకు దద్దురులేవియు రాకున్న వాడుడు. గడపదాటుటకు 15 నిమిషములు ముందుగా చుక్కలు చుక్కలుగా పెట్టి పరచుడు. నలుగువలె గట్టిగా రుద్దవలదు. చెవులు, మెడవెనుక, పాపిట, పాదములపైభాగము, ఇవి అందరును మరచుచోట్లు. కంటిరెప్పలకు పూయరాదు. నోట చేయి పెట్టుకొను బిడ్డకు చేతులకు పూయుటకంటె గుడ్డ కప్పుట మేలు. రెండు గంటలకొకమారు, చెమటపట్టి తుడిచినపుడు, నీటినుండి వచ్చినపుడు మరల పూయవలయును. రాత్రి స్నానముతో కడిగివేయుడు. గొట్టమును ఎండలోను, కారులోను ఉంచరాదు.

ఆరు మాసములు నిండని శిశువునకు సాధారణముగా పూత పూయరు. చర్మము మిక్కిలి పలుచన. నీడయు గుడ్డయు చాలును. మన యిండ్లలో శిశువునకు నూనె అంటి ఎండలో పండబెట్టు వాడుక కలదు. నూనె మర్దనము సుఖకరమే కాని నూనె ఎండనాపదు. పసుపును గంధమును అట్లే. పుట్టువెంట్రుకలు తీయించిన పిమ్మట గుండునకు గంధము పూయుదురు. చల్లదనముండును గాని రక్షణ యుండదు. నిన్నటివరకు వెంట్రుకల నీడలో నున్న చర్మమది. దానికి మెత్తని టోపీ పెట్టుడు. అట్లని బిడ్డను ఎప్పుడును చీకటి గదిలో ఉంచరాదు. ఎముకలకు బలమిచ్చు విటమిన్ డి ఎండవలననే చర్మములో పుట్టును. ఏడాదిలోపు శిశువునకు దినమునకు 400 యూనిట్ల వంతున చుక్కలుగా ఇచ్చుట మన దేశపు శిశువైద్యులు చెప్పు పద్ధతి. ఆ చుక్కలకై వైద్యుని అడుగుడు.

పెద్దలారా! పూత కొనుట తల్లిదండ్రుల పని. నీడ కల్పించుట ఊరి పని. బడిలో ప్రార్థనను చెట్టుక్రింద జరుపుడని, ఆటల గంటను ప్రొద్దుటికో సాయంత్రమునకో మార్చుడని పంతులుగారితో చెప్పదగినవారు మీరే. ఒడలు తెల్లనైన బిడ్డ బడిలో నున్నచో వానిని ముందు వరుసలో, కిటికీ వెలుతురు కంట పడనిచోట కూర్చుండబెట్టుడని చెప్పుడు. టోపీయు నల్ల కళ్లద్దములును బడిలో తీయవలసిన పనిలేదని చెప్పుడు. చూపు మిక్కిలి తక్కువైనచో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వానికి వర్తించును. వైద్యుని ధృవపత్రము తెప్పించి యీయుడు. "దొర" యని పిలుచు పిల్లలను వాని పేరుతో పిలువుడని మందలింపుడు. ఆ మాట వైద్యుడు చెప్పిన వినరు. అరుగుమీది తాత చెప్పిన విందురు.

సెలవు.