పానగల్లు రాజాగారి పాలన: ఒక పునర్విచారము



కాలధర్మము నొందిన పెద్దలను గూర్చి మాటలాడునప్పుడు మనకు రెండు దురభ్యాసములు కలవు. మనవారైనచో గుణములనే యెంచుదుము. పరులైనచో దోషములనే యేరుదుము. ఈ రెండింటి నడుమ సత్యము మఱుగుపడుచుండును. నేడు నేను ప్రస్తావింపబూనినది మన సీమవారే యైన పానగల్లు రాజా, అనగా పానగంటి రామరాయణింగారిని గూర్చి. మా దొరవారిసత్రమునకు పడమట నున్న కాళహస్తిలో వారు 1866వ సంవత్సరమున జన్మించిరి. 1921 జూలై మొదలు 1926 డిసెంబరు వఱకు మదరాసు రాజధానికి ప్రథమమంత్రిగా నుండి, 1928 డిసెంబరులో పరమపదించిరి. చెన్నపట్టణమున త్యాగరాయనగరములో వారి పేరిట నున్న పార్కును మీలో పెక్కురు చూచియే యుందురు.

ఆ కాలమున ప్రభుత్వోద్యోగములు జనసంఖ్యలో స్వల్పమైన బ్రాహ్మణవర్గము చేతిలోనే మిక్కిలిగా నుండెను. ఈ వైషమ్యమును తొలగింపవలెనని 1916 లో మదరాసున జస్టిస్ పక్షము పుట్టెను. 1920 నాటి యెన్నికలను కాంగ్రెసు బహిష్కరింపగా ఆ పక్షమునకు అధికారము లభించెను. రామరాయణింగారు ముఖ్యులైన పిదప, 1921 సెప్టెంబరులో, నియామకములందు అన్ని వర్గములకును పాలు చేకూర్పవలెనని ఉత్తరువు వెలువడెను. 1925 లో హిందూ దేవాదాయ శాసనమును గావించి, ఆలయముల యాదాయవ్యయములను పర్యవేక్షణకు లోబఱచిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926 లో వెలసినది వారి మంత్రివర్గ కాలముననే. వారు సంస్కృతము చక్కగా నెఱిగినవారు. మదరాసున దేశీయవైద్య పాఠశాల నెలకొనుటకు తోడ్పడినవారు. బ్రాహ్మణేతరోద్యమ నాయకుడు సంస్కృతమునకు శత్రువై యుండునని తలంచువారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఈ గుణములన్నియు నేను పాఠశాలలో ఏండ్ల తరబడి బోధించితిని. ఒకనాడు దళితవాడ బాలుడొకడు లేచి, “అయ్యవారూ, ఆ రాజాగారి కాలములో మా ముత్తాతను గుడిలోనికి రానిచ్చిరా?” అని యడిగెను. పాఠము చాల మిగిలినదని చెప్పి, నేను వానిని కూర్చుండబెట్టితిని. జవాబు తెలియక కాదు. చెప్పినచో నా పాఠము చెడునని జంకితిని. ఆ జవాబు నేడు చెప్పుచున్నాను. రానీయలేదు.

దేవాదాయ శాసనము ఆలయముల లెక్కపుస్తకములను తెఱిపించినది గాని తలుపులను తెఱిపింపలేదు. మదరాసు రాజధానిలో ఆలయప్రవేశమునకు చట్టపు టండ 1939 లో మొదలై, 1947 నాటి శాసనముతో బలపడినది. అప్పటికి రాజాగారు గతించి చాలకాలమయ్యెను. 1921 లో మదరాసు బకింగ్‌హాం, కర్ణాటక మిల్లుల సమ్మెలో ఆదిద్రావిడులకును ఇతర కులములవారికిని కలహము రేగినప్పుడు, జస్టిస్ పక్ష ప్రముఖులలో కొందఱు ఆదిద్రావిడులనే తప్పుపట్టిరి. వారి నాయకుడగు ఎం. సి. రాజా 1923 లో ఆ పక్షమును వీడిరి. 1927 లో, తరువాతి మంత్రివర్గము నాడు, ఉద్యోగముల పంపకము లెక్కకు వచ్చినప్పుడు, ప్రతి పండ్రెండింటిలో బ్రాహ్మణేతర హిందువులకు అయిదును, అణగారిన వర్గములకు ఒక్కటియు నిర్ణయింపబడెను.

అయినను న్యాయము పలుకవలెను గదా. పంచములను పేరు మాని, ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర నామములను ప్రభుత్వము అంగీకరించినది 1922 లో, ఈ మంత్రివర్గ కాలముననే. ప్రజాస్వామ్యమును గూర్చియు ఇట్లే రెండు మాటలు చెప్పవలసియున్నది. నాడు ఓటు ముఖ్యముగ ఆస్తిపరులకును పన్ను చెల్లించువారికిని మాత్రమే, కూలివానికి లేదు. కాని 1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డిగారు అవిశ్వాస తీర్మానము తేగా, రాజాగారు దానిని సభలోనే యెదుర్కొనిరి. తీర్మానమునకు 44, ప్రతికూలముగా 65 ఓట్లు వచ్చెను. పాలకుడు సభకు జవాబుదారి యను ఆచారము మన దేశమున అట్లు వేళ్లూనసాగెను.

ఇట్టి ద్వంద్వము మనకే పరిమితము గాదు. జాతులకు స్వయంనిర్ణయాధికారము కావలెనని లోకమునకు చాటిన అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంగతి చూడుడు. మదరాసునుండి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యరుగారు భారతస్వపరిపాలనకై 1917 లో ఆయనకు లేఖ వ్రాసిరి. దూరదేశపు దాస్యమును గూర్చి మాటలాడిన ఆ మహాశయుని ప్రభుత్వమే, 1913 మొదలు, తన కార్యాలయములలో నల్లజాతివారిని వేఱుగా కూర్చుండబెట్టెను. ఆయన యొకప్పుడు అధ్యక్షుడుగా నుండిన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము, 2020 లో తన రాజనీతి పాఠశాలనుండి ఆయన పేరును తొలగించినది.

పేరు తొలగించుట యొక మార్గము. రాజాగారి విషయమున అది తగదని నా యభిప్రాయము. చెఱువునకు తూము పెట్టించినవాని ఋణము ఊరు మఱవరాదు. అయినను, చివరి మడికి నీరందినదా యని యడుగుట కృతఘ్నత గాదు. తూము పెట్టినది అందఱి కొఱకని చెప్పినప్పుడు, చివరి మడివాడు అడుగక యేమి చేయును? పైమడివారు తమ గట్టు తడిసినంతనే పని ముగిసినదని తలంచుటయే ఆనాటి లోపము. నేటికిని అనేక గ్రామములలో అది మనలోపమే.

పెద్దలారా, మీ మనుమలకు రాజాగారి కథ చెప్పునప్పుడు రెండు భాగములును చెప్పుడు. పిల్లవాడు మధ్యలో లేచి ప్రశ్న వేసినచో, నావలె వానిని కూర్చుండబెట్టకుడు.