కత్తి పట్టిన చేతులు, లెక్క రాసిన చేతులు



వైద్యశాస్త్ర చరిత్ర మీద జరుగుతున్న ఈ సదస్సుకు అధ్యక్షత వహించమని అడిగినప్పుడు, పద్దెనిమిదో శతాబ్దపు శస్త్రవైద్యం గురించే మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. ఆ శతాబ్దం మొదట్లో లండన్‌లో శస్త్రవైద్యులకూ క్షురకులకూ ఒకటే సంఘం. లాటిన్ చదివిన వైద్యుడు నాడి చూసి మందు రాసేవాడు. నెత్తురు తీయడం, కురుపు కోయడం, కుళ్లిన కాలు తీసేయడం శస్త్రవైద్యుడి వంతు. కురుపు కోయడానికి మంగలినే పిలిచిన మన పల్లెల సంగతి ఎరిగినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. శతాబ్దం ముగిసేసరికి అంతా మారిపోయింది. 1794లో పారిస్‌లో వెలిసిన కొత్త వైద్య పాఠశాలలో మందూ కత్తీ ఒకే చదువులో భాగాలయ్యాయి.

ఈ మార్పును చాలామంది రాజశాసనాలతో వివరిస్తారు. 1731లో పారిస్‌లో శస్త్రవైద్యానికి రాజ అకాడమీ ఏర్పడింది. 1743లో పదిహేనో లూయీ ప్రకటన అక్కడి శస్త్రవైద్యులను క్షురకుల నుంచి వేరు చేసింది. 1540 నుంచి ఒక్కటిగా ఉన్న లండన్ సంఘం 1745లో రెండుగా చీలింది. ఇవన్నీ జరిగిన మాట నిజమే. కానీ శాసనం వల్ల హోదా వస్తుంది, విద్య రాదు. తన చేతిలో బతికినవాళ్లతో పాటు చనిపోయినవాళ్లనూ శస్త్రవైద్యుడు లెక్క రాసిన రోజే అది శాస్త్రమైందని నేను నమ్ముతాను.

విలియం చెసెల్డెన్‌నే తీసుకోండి. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మూత్రాశయంలోని రాళ్లు తీయడంలో ఆయనకు పెద్ద పేరు. మత్తుమందు రావడానికి ఇంకా నూరేళ్లకు పైగా పడుతుంది. రోగిని కట్టేసి, మనుషులు గట్టిగా పట్టుకుని ఉండగా కోసేవారు. చెసెల్డెన్ నిమిషం లోపే రాయి తీసేవాడని చరిత్రకారులు ఇప్పటికీ మురిసిపోతారు. నన్ను కదిలించేది ఆ వేగం కాదు. 213 మందికి కోస్తే 20 మంది పోయారని ఆయన అచ్చు వేయించాడు. పైగా వయసులవారీగా విడదీసి చూపాడు: చిన్నపిల్లలు ఎక్కువగా బతికారు, పెద్దవాళ్లకు గండం ఎక్కువ. తన ఓటమిని అంకెల్లో పెట్టి పదిమంది ముందుంచడానికి కత్తి పట్టడానికన్నా ఎక్కువ గుండెధైర్యం కావాలి.

ఇక జాన్ హంటర్. స్కాట్లండ్ పల్లెలో పుట్టి, 1748లో లండన్ చేరి, అన్న విలియం నడిపే శరీరనిర్మాణ పాఠశాలలో శవాలు కోస్తూ చదువుకున్నాడు. 1761లో ఫ్రాన్స్ తీరంలోని బెల్లీల్ దీవి మీద బ్రిటిష్‌వారు చేసిన దాడిలో సైనిక వైద్యుడు. తుపాకీ గాయాన్ని కోసి పెద్దది చేసి గుండు వెతకాలన్నది అప్పటి నియమం. చికిత్స అందక దాక్కున్న కొందరు ఫ్రెంచి సైనికులకు గాయాలు చక్కగా మానడం హంటర్ చూశాడు. అనవసరంగా కోయకూడదని అక్కడే గ్రహించాడు. కోయవలసిన పని లేని చోట చేతిని ఆపుకోవడం కూడా శస్త్రవైద్యమేనని చెప్పిన తొలివారిలో ఆయనొకడు.

1785 డిసెంబరులో, లండన్‌లో హంటర్ పనిచేసే సెయింట్ జార్జ్ ఆసుపత్రికి ఒక బండి తోలేవాడు వచ్చాడు. మోకాలి వెనక ధమని ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉంది. కాలు తీసేయడం, లేదా ఉబ్బునే తెరిచి ధమనిని కట్టడం అప్పటి పద్ధతి. రెండూ ప్రాణాంతకాలే. హంటర్ ఉబ్బు జోలికి పోకుండా, పైన తొడలో, ఆరోగ్యంగా ఉన్న చోట ధమనిని కట్టాడు. పెద్ద దారి మూస్తే చుట్టూ ఉన్న చిన్న నాళాలు పెరిగి కాలికి నెత్తురు అందిస్తాయన్నది ఆయన ఊహ. ఆరు వారాల తర్వాత రోగి ఇంటికి వెళ్లాడు. ఏడాది గడిచాక ఆ మనిషి వేరే జ్వరంతో చనిపోతే, హంటర్ ఆ కాలిని సంపాదించి కోసి పరీక్షించాడు. నయమైందని అక్కడితో సంతోషించకుండా, ఎలా నయమైందో చూడాలనుకున్నాడు. ఆ శతాబ్దంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే ఘట్టం ఇది.

రాతకెక్కని చేతుల మాట కూడా చెప్పాలి. 1794 అక్టోబరులో లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే కవాస్జీని టిప్పు సుల్తాన్ సైనికులు పట్టుకుని ముక్కు కోస్తే, పూనా ప్రాంతంలో ఒక వృత్తిపనివాడు నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు అమర్చాడు. ఆ ఉత్తరంలో రోగి పేరుంది, చేసినవాడి పేరు లేదు. అది చదివిన శస్త్రవైద్యుడు కార్ప్యూ 1814లో లండన్‌లో అదే పద్ధతిలో కోసి, పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. మన దేశంలో చేతికి విద్య ఉంది, ఆ చేతికి పుస్తకం దొరకలేదు. ఈ లోటు నన్ను బాధిస్తుంది.

శవాలు కోసి నేర్చుకున్న విద్యతో రాసిన ఆ పుస్తకాల వెనక మరో అన్యాయం ఉంది. బ్రిటన్‌లో 1752 చట్టం ఉరితీసిన హంతకుల శవాలను కోతకు అప్పగించింది. అవి చాలక సమాధులు తవ్వారు. ఏడున్నర అడుగులు దాటిన ఐరిష్ యువకుడు చార్లెస్ బర్న్, తన శరీరం శవాలు కోసేవాళ్ల చేతిలో పడకూడదని, సముద్రంలో వేయమని వేడుకున్నాడు. 1783లో అతను చనిపోతే హంటర్ డబ్బిచ్చి ఆ శవాన్ని చేజిక్కించుకున్నాడు. బర్న్ అస్థిపంజరం రెండు శతాబ్దాలు ప్రదర్శనలో నిలబడింది. 2023లో, హంటర్ సేకరణలుండే లండన్ హంటేరియన్ మ్యూజియం తిరిగి తెరిచినప్పుడు దాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు, కానీ పరిశోధన కోసమంటూ ఉంచుకున్నారు. హంటర్ మీద నాకున్న గౌరవం తగ్గించుకోకుండానే అంటున్నాను: బర్న్ కోరింది ఇప్పటికైనా చేయాలి, అతన్ని సముద్రానికి అప్పగించాలి.