ముద్రలేని గుండ్ల అచ్చు

(పట్టిసీమలో నొసగిన యుపన్యాసము)



ఏటినడుమ నున్న యీ వీరభద్రుని కొండను దర్శింపవచ్చు యాత్రికులు వేలకొలది. ఇచ్చటికి నెగువన, పాపికొండల నీడలో, పరప్రభుత్వము నెదిరించిన పల్లెలు గలవని యెఱిగినవారు మాత్రము కొందఱే. పోలవరమున కెగువనున్న కొరుటూరు అట్టిది. ఆ యూరి సుబ్బారెడ్డిని 1858లో ఆంగ్లప్రభుత్వము బుట్టాయగూడెమున నురిదీసెను.

పోలవరము ప్రాజెక్టు ముంపు కారణమున ఆ యేటియొడ్డు పల్లెలలో ననేకము ఖాళీయై, జనులు పునరావాస కాలనీలకు తరలిరి. ఇల్లు కదలినపుడు అటక దిగును. అటక దిగిన పాతసామానులో పట్టుకారువంటి చిన్న పనిముట్టొకటి యుండవచ్చును. రెండు దవడలు, ఒక కీలు, దవడలు మూసినచో లోపల గుండ్రని గుంట, పైన సీసము పోయుటకు సన్నని కన్నము. పేరు లేదు, అంకె లేదు, ముద్ర లేదు. కొందఱు దానిని పాతయినుము కొనువానికి కిలోల లెక్కన వేయుదురు. మఱికొందఱు “ఇది అల్లూరి సీతారామరాజుగారి గుండ్ల అచ్చు” అని చాటుదురు. మొదటివారు చరిత్రను తూకమున కమ్ముచున్నారు. రెండవవారు దానికి లేని వేషము వేయుచున్నారు. నాకు రెండవవారివలననే భయ మెక్కువ. కరగిపోయిన యచ్చు అబద్ధమాడదు గదా!

ముందుగా నది తుపాకిగుండ్ల అచ్చగునా యని యడుగవలయును. మనది గోదావరితీరము. ఇచ్చట వలలవారు సీసమును కరగించి విసురువలల యంచులకు గుళ్ళు పోసికొందురు. వలగుండునకు త్రాడు దూర్చుటకై నడుమ రంధ్రము కావలయును. కావున ఆ యచ్చులో గుంట కిరుప్రక్కల, సన్నని కమ్మి నిలుచుటకు గాడి యుండును. గాడి యున్నచో నది వలవాని సొత్తు. దానికిని గౌరవము గలదు, కాని యది వేఱు చరిత్ర.

గాడి లేనిచో గుంట వ్యాసము కొలువవలయును. ముద్ర లేని యచ్చున కిదియే జన్మపత్రిక. పూర్వము తుపాకి గొట్టముల పరిమాణమును అంగుళములతో గాక, పౌను సీసమునకు సరిపోవు గుండ్ల సంఖ్యతో చెప్పుచుండిరి. పౌనునకు 12 గుండ్లైనచో ఒక్కొక్కదాని వ్యాసము 18.5 మిల్లీమీటర్లు, 16 అయినచో 16.8. సంఖ్య పెరిగినకొలది గుండు చిన్నదగును. గుంట వ్యాసము 17.6 మిల్లీమీటర్లున్నదనుకొందము. అట్టి సీసపుగుండు 32 గ్రాములకు కొంచెము మించి, మన పాతతూకమున ఇంచుమించు రెండుముప్పావు తులములు తూగును. పౌనునకు పదునాలుగు వచ్చును. కుంపెనీ సిపాయీలు మోసిన పాతతుపాకి గుండు ఇంచుమించుగ నీ పరిమాణముదే.

ఇచ్చట తొందరపడువారు రెండు పొరపాట్లు చేయుదురు. గుంట యెంతయో గొట్ట మంతయే యనుకొనుట మొదటిది. ఆ సిపాయి తుపాకి గొట్టము ముప్పావు అంగుళము, అనగా 19 మిల్లీమీటర్లు. మందు కాలి మసిపట్టిన గొట్టములోనికి మూతినుండి గుండు సులభముగ జాఱవలయును గనుక గుండు సన్నముగ నుండవలసివచ్చెను. కాగా అచ్చును జూచి తుపాకిని గుర్తించునపుడు ఆ సందును కలుపుకొనవలెను. తూకమునే నమ్ముట రెండవది. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి గుండు 530 గ్రెయినులు, అనగా 34 గ్రాములు. పైన చెప్పిన గుండ్రని గుండునకు దరిదాపుగనే యున్నది. అయినను దాని వ్యాసము 14.4 మిల్లీమీటర్లే, ఏలయన నది గోళము గాదు. మొన దేరి, పొడవై, అడుగున గుల్లగా నుండును. ఆ గుల్ల యేర్పడుటకు అచ్చున మూడవ భాగమొకటి, అడుగునుండి దూర్చు బిరడా, కావలయును. రెండు దవడలు మాత్రమే గల గోళపుటచ్చును జూపి “ఎన్‌ఫీల్డు” అనువాడు గుండును ఎన్నడును చూచియుండడు.

తరువాత పనితనమును జూడుడు. కార్ఖానా అచ్చులో రెండు సగములును వెండ్రుకవాసి తేడా లేక కలియును. మిగిలిన సీసపు తొడిమను కోయుటకు పైన కత్తెరవంటి పలక యుండుట కలదు. పల్లెకమ్మరి చేసినదానిలో ఆకురాయి గీతలు కన్పట్టును, సగములు కొంచెము జాఱియుండును. బలపపురాతిలో తొలిచిన యచ్చులును గలవు. మోటుగా నున్నంతమాత్రమున ప్రాచీనమని తలపరాదు. నాటుతుపాకులు నిన్నమొన్నటివఱకు వేటకు వాడబడినవి. కమ్మరి చేయియు మాఱలేదు.

ముద్ర యేల లేదు? నాటుతుపాకికి గొట్టము గొట్టమునకు కొలత వేఱు. తుపాకికి తగిన యచ్చును దానితోడనే చేయించుకొనుచుండిరి. ఇంటివాని కది తెలిసినదే, అంకె యెవరికొఱకు? దానికితోడు 1878 నాటి ఆయుధచట్టము సీసమును, గంధకమును, పెట్లుప్పునుకూడ ప్రభుత్వము కోరినచోట తన యదుపులోనికి తెచ్చుకొనుట కవకాశ మిచ్చెను. అట్టి కాలమున గుండ్ల అచ్చుపై తన పేరు చెక్కుకొను కమ్మరి యుండునా? ఇది నా యూహయే. అయినను కాదనుటకు కారణము కానరాదు.

ఇక సీతారామరాజుగారి మాట. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి ఆయన దళము 26 తుపాకులను, 2,500కు మించిన తూటాలను గొనిపోయెను. తూటా యనగా మందు, గుండు, నిప్పు పుట్టించు మూత యన్నియు నొకటిగ కూర్చినది. ఠాణా తుపాకి కది కావలయును. కుంపటిపై పోసిన యొంటి సీసపుగుండుతో దాని యాకలి తీరదు. కావున గోళపుటచ్చు కనబడిన ప్రతియింటను ఆ మహావీరుని పేరు చెప్పుట ఆయనకు గౌరవము గాదు. 1879లో కారము తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మున్నగువారు నడిపిన రంపపితూరి నాటికి మూతినుండి కూరు తుపాకులే కొండలలో నెక్కువ. అచ్చు కొలత ఆ కాలమునకు పొసగును. ఆ పితూరీలో వాడిరా, అడవిపందిని కొట్టుటకు వాడిరా యనునది అచ్చు చెప్పజాలదు. ఇంటివారి కాగితములు చెప్పవలయును, లేదా ముసలివారి నోరు.

అందుచేత మీయొద్ద నట్టిది యున్నచో చింతపండుతో తోమకుడు, ఆమ్లము తగిలింపకుడు. గుంటలో నంటియున్న తెల్లని పొర సీసపు తుప్పు కావచ్చును, అదియే సాక్ష్యము. విషము గనుక చేతులు కడుగుకొనుడు. పరీక్షకని సీసము పోయకుడు. తడి తగిలినచో కరగిన సీసము కండ్లలోనికి చిమ్మును. కాలిపర్సుతో గుంటను అడ్డముగ, నిలువుగ కొలిచి, రెంటిని వ్రాయుడు. ఏ యూరు, ఏ యిల్లు, ఏ యటక, ప్రక్కన నేమేమి దొరకెను, ఎవరు చెప్పిరి యను సంగతులను అదే కాగితముపై చేర్చుడు. ఇల్లు విడచిన పిదప నీ ప్రశ్నలకు బదులు చెప్పువారు నానాటికి తగ్గుచున్నారు. కొలతలు, ఛాయాచిత్రములు తీసికొని రాజమహేంద్రవరమున రాళ్ళబండి సుబ్బారావుగారి పేరనున్న ప్రదర్శనశాలవారికి చూపుడు. పాతయినుము కొనువాని బండి రాకముందే యీ పని జరుగవలయును.