రెక్కకు విశ్రాంతి ఎవరిస్తారు?

(సిద్దిపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడుకున్నప్పుడు మనం ఎక్కువగా కాన్పులు, రక్తహీనత, గర్భసంచి ఆపరేషన్ల దగ్గరే ఆగుతాం. అవి ముఖ్యమైనవే. కానీ సిద్దిపేట, దుబ్బాక వాడల్లో బీడీలు చేసే స్త్రీల దగ్గర కాసేపు కూర్చుంటే వినిపించే మాట వేరు. ‘రెక్క లేస్తలేదు’, ‘మోచేయి గుంజుతున్నది’. రెక్కాడితేగానీ డొక్కాడదని సామెత చెప్పుకుంటాం. ఆ రెక్కే ఆడకపోతే ఏమిటన్నది ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

బీడీలు చుట్టే పని ఎలా వుంటుందో మీకు తెలుసు. నేల మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, తల వంచి, భుజాలు బిగబట్టి గంటల తరబడి చేసే పని. నానబెట్టిన తునికాకును కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి ముడవడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అంటే ఈ కదలికల్లో ప్రతి ఒక్కటీ వెయ్యేసి సార్లు. ముంజేతి కండరాన్ని మోచేతి ఎముకకు పట్టివుంచే తంతువు ఈ ఒత్తిడికి దెబ్బతింటుంది. అయినా పని అక్కడితో అయిపోదు. బట్టలు పిండాలి, బిందె ఎత్తాలి, రొట్టెలు చేయాలి. కూలి పనిలో అలసిన చేతికి ఇంట్లో తీరిక లేదు. ఇంటిచాకిరీని పనిగా లెక్కించని వ్యవస్థ, ఆ చాకిరీ వల్ల వచ్చే నొప్పిని కూడా లెక్కించదు.

వైద్యులు దీన్ని ‘టెన్నిస్ ఎల్బో’ అంటారు. 1883లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో టెన్నిస్ ఆటగాళ్ళ మోచేతి నొప్పి గురించి రాశారు. ఆ పేరే నిలిచిపోయింది. జన్మలో రాకెట్టు పట్టుకోని స్త్రీల జబ్బుకు కూడా ఆడుకునేవాళ్ళ పేరే వుంది.

భుజానిది మరో కథ. భుజం బిగుసుకుపోయే ‘ఫ్రోజెన్ షోల్డర్’ ఎక్కువగా నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య వస్తుంది. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ, చక్కెర వ్యాధి వున్నవారిలో మరీ ఎక్కువ. జడ వేసుకోలేరు, రవిక వెనక హుక్కు పెట్టుకోలేరు, అటక మీది గిన్నె అందుకోలేరు. ‘వయసు మీద పడ్డది’ అని పంపించేస్తే చక్కెర వ్యాధి కూడా బయటపడకుండా పోవచ్చు. ఇది చాలామందిలో ఒకటి నుంచి మూడేళ్ళలో తగ్గుముఖం పడుతుంది. కొందరిలో కొంత బిగుసు మిగిలిపోతుంది.

ఇక వైద్యం సంగతి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే గోలీలు, నొప్పి ఎక్కువైతే సూది. టెన్నిస్ ఎల్బోకు ఇచ్చే స్టెరాయిడ్ సూది గురించి నెదర్లాండ్స్‌లో 185 మంది రోగులతో చేసిన పరిశోధన 2002లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. ఆరు వారాలకు చూస్తే సూది వేయించుకున్నవారిలో 92 శాతం మందికి నయమైంది. ఫిజియోథెరపీ వారిలో 47 శాతం, సలహా తీసుకుని వేచి చూసినవారిలో 32 శాతం. ఏడాది తర్వాత లెక్క తిరగబడింది. సూది వారిలో 69 శాతం, ఫిజియోథెరపీ వారిలో 91 శాతం, వేచి చూసినవారిలో 83 శాతం. భుజం లోపలి ఎముకను చెక్కే ఒక ఆపరేషన్‌పై బ్రిటన్‌లో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. ఉత్తుత్తి ఆపరేషన్ జరిగినవారికంటే దీనివల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

అంటే ఇటువంటి నొప్పుల్లో చాలావాటికి అసలు మందు భారం తగ్గించడం, కొద్దికొద్దిగా పెంచే వ్యాయామం, ఓపిక. ఇవి ఖర్చులేని మందులని వైద్యులంటారు. ముక్కల లెక్కన కూలి తీసుకునే స్త్రీకి ఇంతకంటే ఖరీదైన మందు లేదు. చుట్టని రోజుకు కూలి లేదు. ఆరు వారాల్లో పనికి పంపే సూదినే ఆమె ఎంచుకుంటుంది. ఇది ఆమె అవివేకం కాదు. ఆ సూది వేయిస్తున్నది కూలి పద్ధతి.

కోలుకోవడాన్ని కొలిచే పద్ధతిలో కూడా ఈ శ్రమ కనిపించదు. చేతి సమస్యలకు ప్రపంచమంతటా వాడే ‘డాష్’ అనే ప్రశ్నావళి 1996లో వచ్చింది. అందులో 30 ప్రశ్నలు. సీసా మూత తీయగలరా, తాళం తిప్పగలరా, స్వెటర్ తొడుక్కోగలరా అని అడుగుతుంది. వెయ్యి బీడీలు చుట్టగలరా, నాట్లు వేయగలరా, బిందె ఎత్తగలరా అన్నవి మనమే అడగాలి.

చట్టానిదీ ఇదే తీరు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం ప్రధానంగా ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. ప్రమాదానికి తేదీ, చోటు, సాక్షి వుంటాయి. ఇరవై ఏళ్ళు అరిగిన మోచేతికి తేదీ ఎక్కడినుంచి తెస్తాం? బీడీ కార్మికులకోసం 1966లో వచ్చిన చట్టం ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. యజమానులు సవాలు చేస్తే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఈ రెండు చట్టాల స్థానంలో 2020 నాటి లేబర్ కోడ్‌లు 2025 నవంబరులో అమల్లోకి వచ్చాయి. పని ఒత్తిడివల్ల వచ్చే ఈ మోచేతి జబ్బును అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం 1996లో అదే సంస్థ చేసిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు. తెలంగాణలో 2015లో బీడీ కార్మికులకు పింఛను మొదలైంది. అది ఆసరాయేగానీ అరిగిన చేతికి పరిహారం కాదు.

మరో మాట చెప్పకపోతే ఈ విషయం పూర్తికాదు. కొట్టబోతే మొహానికి అడ్డం పెట్టిన చేయి విరుగుతుంది. గుంజి మెలిపెడితే భుజం కీలు తొలగుతుంది. ఆస్పత్రిలో మాత్రం ‘కాలుజారి పడ్డాను’ అనే రాయిస్తారు. 2005 గృహహింస చట్టం ప్రకారం అడిగిన స్త్రీకి వైద్యం అందించడం ఆస్పత్రి బాధ్యత. ఎముక విరగడం, కీలు తొలగడం భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ కింద తీవ్రమైన గాయం. కాబట్టి ఆ చీటీలో ఏం రాశారన్నది రేపు కేసుకు ఆధారమవుతుంది. భర్త పక్కన లేనప్పుడు ఆమెను అడగండి. నమ్మకంతో చెప్పే వీలు కల్పించండి.

ఇప్పుడు మనమేం చేయగలం? ‘రెక్క లేస్తలేదు’ అన్న స్త్రీని ఏం పని చేస్తావు, ఎన్ని గంటలు, ఏ చేయి, ఏ పని చేయలేకపోతున్నావు అని అడిగి రాసుకోండి. తేదీ లేని గాయానికి ఆ రాతే తేదీ అవుతుంది. చక్కెర పరీక్ష చేయించండి. పడ్డాక చేయి లేవకపోయినా, వేళ్ళు మొద్దుబారినా, కీలు వాచి జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. అటువంటి చేతిని మర్దన చేయించవద్దు.

సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల వుంది. కానీ పదేపదే రావాలంటే బస్సు చార్జీ, పోయిన కూలి ఎవరిస్తారు? భుజం నొప్పులపై బ్రిటన్‌లో 708 మందితో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి శ్రద్ధగా నేర్పి పంపినవారు కూడా, ఆరుసార్ల దాకా పిలిపించుకున్నవారితో సమానంగా కోలుకున్నారు. కాబట్టి ఫిజియోథెరపిస్టు మన సంఘం సమావేశానికి రావాలని అడుగుదాం. నొప్పి వున్న కాలంలో కూలి నష్టానికి భత్యం, ఈ జబ్బులకు వృత్తి వ్యాధులుగా గుర్తింపు కావాలని అడుగుదాం. ఇంట్లో బిందె ఇంకొకరు ఎత్తాలని కూడా అడుగుదాం. ఈ చివరిది ప్రభుత్వం ఇచ్చేది కాదు, అందుకే అన్నిటికంటే కష్టం. అయినా విశ్రాంతి మందు అయినప్పుడు, ఆ మందు అందాల్సింది ఇంట్లోనూ, పనిలోనూ కూడా.