తెరమీది యంత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విద్యాదానము చేయుచున్న గ్రంథాలయపు ఉత్సవమున మాటాడు అవకాశము నాకు లభించినందులకు కృతజ్ఞుడను. మీ పఠనమందిరమునకు పుస్తకములతోపాటు కంప్యూటరు కూడ వచ్చినది. దానిపై యంత్రములను రూపొందించుటయు, రూపొందించిన యంత్రమును తెరమీదనే కదిలించి చూచుటయు నేర్వవలెనని మన యువతీ యువకులు ఉత్సాహపడుచున్నారని వింటిని. ఆ విద్యను గూర్చియే నాలుగు మాటలు చెప్పెదను. ఇంజనీరింగు చదువని పెద్దలకు సైతము బోధపడుటకై, ఇంటింటను ఎరిగిన కాలితొక్కుడు కుట్టుమిషనునే ఉదాహరణముగా గైకొందును.

ఈ విద్యను క్యాడ్ అందురు. కంప్యూటరు సాయముతో చేయు రూపకల్పన యని అర్థము. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.యందు ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి ‘స్కెచ్‌ప్యాడ్’ అనుదానిని నిర్మించి, కాంతికలముతో తెరపై బొమ్మలు గీసి చూపెను. గీతలు గీయుటలో వింత లేదు. ‘ఈ రెండు గీతలు సమానముగా నుండవలెను, ఆ రెండును సమాంతరముగా నుండవలెను’ అని ఆయన కట్టుబాట్లు విధింపగా, కంప్యూటరు వానిని తానే పాటించెను. వింత యంతయు అందున్నది. నేటి క్యాడ్ ఆ కట్టుబాట్లమీదనే నిలిచినది. అంతకు పూర్వము జర్మనీలో ఫ్రాంజ్ రూలో అను ఆచార్యుడు యంత్రముల కదలికలను బోధించుటకు లోహపు నమూనాలనే చేయించెను. వానిని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయము 1882లో కొని తెప్పించుకొనినది. అట్టి సంపద గల విద్యాలయములెన్ని? నేడు ‘ఫ్రీక్యాడ్’ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించుచున్నది. 2024 నవంబరులో వెలువడిన దాని 1.0 రూపమున, భాగములను ఒకదానితో నొకటి కూర్చు విభాగము కూడ చేరినది. విద్యకు ధనము అడ్డు వచ్చినదని ఈ ఒక్క విషయమున మనము చెప్పుకొన వీలులేదు.

ఇక కుట్టుమిషను క్రిందిభాగమును చూడుడు. కదలని ఇనుపచట్రము, పాదము క్రింద ఊగు పలక, పెద్ద చక్రము, పలకను చక్రమునకు కలుపు నిలువుకడ్డీ: భాగములు నాలుగే. వీనిని తెరపై చేయుట కష్టము కాదు. పలకకు చదునైన బొమ్మ గీసి దానికి మందము నీయవలెను. చక్రమునకు దాని అంచుకోతను ఒకవైపున గీసి ఇరుసుచుట్టు త్రిప్పవలెను. కుమ్మరి సారెపై కుండ పుట్టినట్లు చక్రము పుట్టును. పదిదినములలో చేయి తిరుగును. దీనిపై నేను ఎక్కువ కాలము గడపను.

అసలు విద్య కూర్పుతో ఆరంభమగును. తెరపై విడిగా నున్న ప్రతి వస్తువునకును ఆరు స్వేచ్ఛలుండును: ముందు వెనుకలకు, ప్రక్కలకు, పైకి క్రిందికి జరుగుట మూడు, ఆ మూడు దిక్కుల చుట్టును తిరుగుట మూడు. చట్రమును నేలకు బిగించితిమి. మిగిలిన మూడు భాగములకు స్వేచ్ఛలు పదునెనిమిది. ఇరుసుమీది చక్రమువలె తిరుగు కీలు ఒక్క స్వేచ్ఛను మిగిల్చి అయిదింటిని హరించును. మన మిషనుకు కీళ్లు నాలుగు, హరించినవి ఇరువది. ఉన్నవి పదునెనిమిది, పోయినవి ఇరువది! ఈ లెక్క ప్రకారము మిషను కదలనే కూడదు. కాని మన దర్జీ దానిని దినమంతయు తొక్కుచునే యున్నాడు గదా?

నాలుగు కీళ్ల ఇరుసులును ఒకదానికొకటి సమాంతరముగా నుండుటచేతనే అది కదలుచున్నది. కదలిక యంతయు ఒకే తలములో జరుగును కనుక ఒక్కొక్క భాగమునకు మూడు స్వేచ్ఛలే లెక్కింపవలెను: మొత్తము తొమ్మిది. ఒక్కొక్క కీలు రెండింటిని హరించును: మొత్తము ఎనిమిది. మిగిలినది ఒకటి. ఆ యొక్కటియే కుట్టు. ఇరుసులలో ఏ యొక్కటి వంకర పోయినను మిషను బిగుసుకొనును. అందుచేతనే కొన్ని మిషన్లలో కడ్డీ చివర గుండుకీలు అమర్చుదురు. అది మూడు స్వేచ్ఛలను మాత్రమే హరించి, ఇనుములోని చిన్న వంకరను ఓర్చుకొనును. తెరపై కూర్చునప్పుడు ‘కట్టుబాట్లు అధికమైనవి’ అని సాఫ్ట్‌వేరు హెచ్చరించిన యెడల విద్యార్థి విసిగి ఏదో యొకటి తొలగించి ముందుకు పోవుట తరచుగా చూచుచున్నాను. ఆ హెచ్చరికయే ఆనాటి పాఠము. ఏ కీలు దేనిని ఆపుచున్నదో, దేనిని విడుచుచున్నదో కూర్చుండి ఆలోచింపవలెను.

పిదప కొలతలు. చక్రపు ఇరుసునుండి కడ్డీ తగులు చోటివరకు 3 సెంటీమీటర్లు, కడ్డీ 30, పలక చేయి 10, రెండు ఇరుసుల నడుమ దూరము 31 అనుకొందము. చక్రము పూర్తిగా తిరుగునా? దీనికి 1883లో ఫ్రాంజ్ గ్రాషాఫ్ అను జర్మను ఇంజనీరు సూత్రము చెప్పెను: అన్నిటికంటె పొట్టిదానిని అన్నిటికంటె పొడవైనదానిని కలిపిన మొత్తము, మిగిలిన రెండింటి మొత్తమును మించరాదు. 3, 31 కలిసి 34. 30, 10 కలిసి 40. చక్రము తిరుగును, పలక సుమారు 35 డిగ్రీలు ఊగును. ఇప్పుడు 3 ను చెరిపి 10 అని వ్రాయుడు. మొత్తము 41 అగును. తెరపై చక్రము కొంత తిరిగి నిలిచిపోవును. ఒక అంకె మార్చినంతనే బొమ్మ యంతయు మారుటయే క్యాడ్ మనకు చేయు మేలు. ఇనుముతో ఈ పరీక్ష చేయవలెనన్న కమ్మరికి ఎన్నిసార్లు కూలి ఈయవలెనో ఊహింపుడు. అయినను అంకె మార్చుటకు ముందు ఫలితమును కాగితముపై లెక్కించి, పిదప తెరను చూడుమని నా మనవి. తెరను చూచి లెక్క నేర్చినవాడు తెర లేనిచోట నిస్సహాయుడగును.

మరియొక సంగతి. విద్యార్థులు తెరపై మోటారును చక్రమునకు తగిలించి, అది గిరగిర తిరుగగా ఆనందింతురు. దర్జీ తొక్కునది చక్రమును కాదు, పలకను. మోటారును పలకకు తగిలించి చూడుడు. చక్రము ఒక చుట్టు తిరుగులోపల రెండుచోట్ల, కడ్డీయు చక్రపు చేయియు ఒకే గీతలోనికి వచ్చును. అచ్చట ఎంత తొక్కినను చక్రము తిరుగదు. తిరిగినను ఏ దిక్కునకో నిర్ణయము లేదు. సాఫ్ట్‌వేరు ఆగిపోవును, లేక వెనుకకు తిరుగును. కొత్తగా కుట్టు నేర్చు ఆడపిల్లలకు దారము తెగునది ఈ చోటనే. అందుకే చేతితో చక్రమును ఒకసారి ముందుకు త్రిప్పి, ఆపై తొక్కుదురు. తరువాత చక్రపు బరువే దానిని ఆ రెండుచోట్లు దాటించును. తెరమీది చక్రమునకు మనము ఈయనిదే బరువు లేదు. పోత ఇనుము ఘన సెంటీమీటరుకు సుమారు 7 గ్రాములుండును. అది చెప్పి, రాపిడి ఎంతో చెప్పి, పాదపు ఒత్తిడి ఎంతో చెప్పినప్పుడే సాఫ్ట్‌వేరు బలముల సంగతి చెప్పగలదు. చెప్పనంతవరకు అది చూపునది కదలిక యొక్క ఆకారమును మాత్రమే. ఈ రెండింటి భేద మెరుగక, తెరపై తిరిగినది కనుక పొలములోను తిరుగునని నమ్మి డబ్బు పోగొట్టుకొన్నవారు కలరు.

పట్టణములలో నెలరోజుల శిక్షణకు వేలకొలది రూపాయలు తీసికొని, ఏ మీట ఎక్కడ నొక్కవలెనో మాత్రము నేర్పి పంపు సంస్థలున్నవి. మీటల స్థానములు సాఫ్ట్‌వేరు మారినప్పుడెల్ల మారును. అట్టివానిలో చేరుటకు ముందు మన పిల్లలు ఒక కుట్టుమిషనును గాని, చేతిపంపును గాని స్వయముగా కొలిచి, విప్పదగినంత విప్పి, కీళ్లను లెక్కించి, తెరపై కూర్చి చూచుకొందురు గాక! మన దర్జీలును, మెకానిక్కులును ఈ పనిలో వారికి గురువులు కాగలరు. వారిని బల్లయొద్దకు పిలిచి మర్యాదగా అడుగవలెను.

ఇందులకై కార్యవర్గమువారికి నా విన్నపము చిన్నది. కంప్యూటరు ప్రక్కన ఒక ఉక్కు కొలతబద్ద, ఒక వెర్నియరు, గళ్ల కాగితముల పుస్తకము ఉంచుడు. పాడైపోయిన కుట్టుమిషను చట్రము ఎవరి యింటనైన నున్న యెడల గ్రంథాలయమునకు ఈయగోరుచున్నాను. చక్రము తిరుగకున్నను పనికి వచ్చును.