రక్తపుబొట్టు – రోగనిర్ణయము



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పెద్దలు నారికురుపు నెరుగుదురు. దిగుడుబావి నీటితో లోన జేరిన పురుగు చర్మమును చీల్చుకొని తానే వెలువడెడిది. దానిని గుర్తించుటకు యంత్రము అక్కరలేదు. మన దేశమున ఆ వ్యాధి రూపుమాసినదని 2000 సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను.

మలేరియా క్రిమియు, కొంకిపురుగును లోననే దాగియుండును. వీనిని గుర్తించు విద్యను నేను ప్రయోగశాలయందు అభ్యసించితిని.

జ్వరపీడితుని వ్రేలినుండి రక్తపుబొట్టు దీసి, గాజుపలకపై దళసరిగా నొకటి, పలుచగా నొకటి పూతలు పూసి, రంగు పట్టింతుము. దళసరి పూతయందు క్రిమి యున్నదో లేదో తెలియును. పలుచని పూతయందు దాని జాతి తెలియును. ఫాల్సిపారము మెదడునకు సోకి ప్రాణము దీయగలదు. వైవాక్సు కాలేయమున దాగి, కొన్ని నెలలకు మరల జ్వరము దెచ్చును. రెంటికిని చికిత్స వేరు. రంగునలుసును చూచి క్రిమి యనరాదు. సూక్ష్మదర్శనిలో నూరు తావులైనను వెదకక క్రిమి లేదనరాదు. ఇదియే మా మొదటి పాఠము. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదున రోనాల్డు రాసు దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నదియు ఇట్టి ఓర్పువలననే.

కొంకిపురుగు వట్టికాళ్ళ చర్మముగుండ జొచ్చి, ప్రేగులలో రక్తము పీల్చును. బిడ్డ పాలిపోవును, ఇంటివారు దృష్టిదోష మందురు. మలపరీక్షలో దాని గ్రుడ్లు కానవచ్చును.

పెద్దలారా! నమూనా అందనిదే మా విద్య నిష్ప్రయోజనము. జ్వరము తగిలిన నాడే, మాత్ర మ్రింగకమున్నే, రక్తపరీక్ష చేయింపుడు. మలపరీక్షకు సిగ్గుపడవలదని ఇల్లాండ్రకు చెప్పుడు. మీరు చెప్పిన ఊరు వినును.