గుమాస్తా చేసిన పాస్తా

(పెన్షనర్ల దినోత్సవ సభలో వికారాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబర్ 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు గురించి, కరువు భత్యం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను కూడా ఏదైనా నిబంధన మీద మాట్లాడమన్నారు. నేను వంట మీద మాట్లాడతానన్నాను. "ఏం వంటండీ?" అన్నారు. "పాస్తా సలాడ్" అన్నాను. ఫోన్‌లో కాసేపు ఉలుకూ పలుకూ లేదు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నాకూ మొదట నవ్వే వచ్చింది.

నేను 1974లో తాండూరులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అప్పుడు మనది హైదరాబాద్ జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. నేను 2009లో రిటైరయ్యాక, 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా అయింది. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూశాను. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఎన్ని పింఛను ఫైళ్ళు కట్టానో లెక్కలేదు. అందులో భార్యాభర్తల జంట ఫోటో అంటిస్తాం, కుటుంబ పింఛను కోసం భార్య పేరు రాస్తాం. నా కాగితాల్లోనూ అలాగే రాశాను. నేను ముందు పోతే ఆమె గతి ఏమిటని ప్రభుత్వం ఆలోచించింది, నేనూ ఆలోచించాను. ఆమె ముందు పోతే నా గతి ఏమిటని అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

నాలుగేళ్ళ క్రితం మా ఇంటావిడ కాలం చేసింది.

పదకొండో రోజు దాటాక చుట్టాలు వెళ్ళిపోయారు. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి తనతో రమ్మంది. నేను రానన్నాను. మరునాడు పొద్దున వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. నలభై ఏడేళ్ళు కాపురం చేసిన ఇంట్లో చాయ్‌పత్తి డబ్బా ఏదో నాకు తెలియలేదు. నాలుగు డబ్బాలు మూత తీసి వాసన చూశాను. ఆఫీసులో పాతికేళ్ళ కిందటి ఫైలైనా ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పేవాడినని నాకు పేరు. ఆ పేరు ఆ రోజుతో పోయింది.

తర్వాత ఆరు నెలలు ఎలా గడిచాయో దాచకుండా చెబుతాను. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం హోటల్ నుంచి తెచ్చుకున్న అన్నం, రాత్రి బిస్కెట్లు. ఆకుకూర అన్నది కంచంలో లేదు. ఆరు కిలోలు తగ్గాను. డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూసి, "మీకు జబ్బేమీ లేదు, మీరు తిండి తినడం లేదు" అన్నారు. నెలనెలా పింఛను పడుతున్న మనిషికి ఆ మాట ఎంత సిగ్గో మీరే ఊహించండి.

ఆ వేసవిలో మా మనవరాలు సెలవులకు వచ్చింది. ఫ్రిజ్ తెరిచి చూసి నన్నేమీ అనలేదు. బజారుకు పోయి ఏవో తెచ్చి, ఒక గిన్నెలో చల్లగా, తెల్లగా, పచ్చపచ్చగా ఒక పదార్థం చేసి నా ముందు పెట్టింది. "తాతా, ఇది పాస్తా సలాడ్. నువ్వు పెరుగు సేమియా అనుకొని తిను" అంది.

ఆ పిల్ల చెప్పింది నిజమే. పాస్తా అంటే గట్టి గోధుమల రవ్వను నీళ్ళతో కలిపి, అచ్చులో ఒత్తి ఎండబెట్టిందే. ఆ గోధుమను డ్యూరమ్ అంటారు. మన సేమియాకు దగ్గర చుట్టమే. రంజాన్ నాడు ఆఫీసులో మన ముస్లిం మిత్రులు తెచ్చే షీర్ ఖుర్మా తిన్న మనకు గోధుమ పోగులు కొత్తేమీ కాదు. ఇక పెరుగన్నం తెలియనివారు ఈ సభలో ఎవరూ ఉండరు. ఈ రెండూ తెలిస్తే సగం వంట వచ్చినట్టే.

మనవరాలు వెళ్ళిపోయాక నేనే చేద్దామనుకున్నాను. అన్నం కుక్కర్లో పెడతారని తెలుసు గనుక పాస్తా కూడా కుక్కర్లో పోసి మూడు విజిళ్ళు రానిచ్చాను. మూత తీస్తే లోపల ఉన్నది తినే వస్తువు కాదు. పూర్వం ఆఫీసులో కవర్లు అంటించడానికి మైదా ఉడకబెట్టి జిగురు చేసేవాళ్ళం, గుర్తుందా? అచ్చం అదే. రెండోసారి సరిగ్గా ఉడికింది కానీ పెరుగు నీళ్ళొదిలి చారైంది. మూడోసారి ఒక నోటుబుక్కు తెచ్చి, ఫైలు రాసినట్టు తేదీ వేసి, ఏం చేశానో, ఏం తప్పిందో రాసుకున్నాను. నాలుగోసారి కుదిరింది. ఆ నోటుబుక్కులోంచే ఇప్పుడు చదువుతున్నాను. నలుగురికి సరిపడే లెక్క ఇది.

ముందు అరకిలో కమ్మటి పెరుగును పల్చటి బట్టలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి రెండు గంటలు వేలాడదీయాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో జల్లెడ మీద పెట్టాలి. నీరంతా దిగి ఇంచుమించు సగం మిగులుతుంది. వెన్నలా ఉంటుంది. నా రెండోసారి తప్పుకు మందు ఇదే. దిగిన నీటిని పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి బాగుంటుంది.

రెండు లీటర్ల నీళ్ళు తెర్లనిచ్చి, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి, రెండు వందల గ్రాముల పాస్తా వేయాలి. మూత పెట్టవద్దు. ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలని ఉంటే అంతకు ఒక నిమిషం ఎక్కువ ఉంచండి. కుర్రకారు కాస్త బిరుసుగా తింటారట. మన పళ్ళు వేరు, వాళ్ళ పళ్ళు వేరు. దించడానికి నాలుగు నిమిషాల ముందు సన్నగా తరిగిన బీన్స్ అదే నీళ్ళలో వేయాలి. చివరి అర నిమిషంలో గుప్పెడు పాలకూర వేయాలి. వెంటనే చిల్లుల గిన్నెలోకి వంచి చన్నీళ్ళు పోయాలి. దానివల్ల ఉడకడం ఆగుతుంది, కూర పచ్చగానే ఉంటుంది, పైనున్న గంజి పోయి పాస్తా అంటుకోదు. నీరు పూర్తిగా ఓడ్చి, ఒక చెంచా నూనె కలిపి ఆరనివ్వాలి.

ఇక కాయలు. ఒక కీరదోసకాయను చీల్చి గింజలు గీకేసి ముక్కలు చేయాలి. గింజలుంటే నీరు ఊరుతుంది. అర క్యాప్సికం సన్నగా తరగాలి. పచ్చి బఠాణీలు ఉడికించి అరకప్పు వేస్తారు. కానీ ఈ చలికాలంలో బఠాణీ ఎందుకండీ? తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చి కందికాయలు ఒలిచి, మెత్తగా ఉడికించి వేయండి. ఆ తీపి బఠాణీకి రాదు.

వడగట్టిన పెరుగులో రెండు చెంచాల మీగడ, దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, మిరియాల పొడి, సగం పచ్చిమిర్చి తరుగు, అర చెంచా నిమ్మరసం వేసి గిలకొట్టాలి. రెండు చీజ్ ముక్కలు తురిమి కలపాలి. చీజ్‌లోనే ఉప్పుంటుంది గనుక వేరే ఉప్పు వేయకుండా రుచి చూడండి. బీపీ ఉన్నవారు చీజ్ ఒకటే వేసి, వంద గ్రాముల పనీరు చిదిమి వేసుకోండి. అరలీటరు చిక్కటి పాలు నిమ్మరసంతో విరగ్గొడితే ఇంచుమించు అంత పనీరు ఇంట్లోనే వస్తుంది. శాకాహారులు చీజ్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. చీజ్ తోడు పెట్టడానికి కొన్నిచోట్ల దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. చుక్క ఉంటే ఆ బెంగ లేదు.

అన్నీ కలిపి, పైన కొత్తిమీర, నాలుగు పుదీనా ఆకులు వేసి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తినాలి. చక్కెర జబ్బున్నవారు పాస్తా సగానికి తగ్గించి కూరలు రెట్టింపు చేసుకోండి. మూత్రపిండాల జబ్బుకు పథ్యం ఉన్నవారు డాక్టరును అడిగి తినండి.

హోటళ్ళలో దీన్ని మయోనైజ్‌తో చేస్తారు. నూనెను గుడ్డు సొనతో గిలకొట్టి చేసే తెల్లటి ముద్ద అది. పచ్చి గుడ్డుతో చేసింది కడుపుకు ప్రమాదం. దానివల్ల జనం ఆస్పత్రుల పాలైతే 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది. మన వయసువారికి పెరుగే మేలు. అయినా ఒక్క జాగ్రత్త. పెరుగుతో చేసినా సరే, బయట రెండు గంటలకు మించి ఉంచకండి, ఎండాకాలంలో గంట చాలు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మరునాటికి ముగించండి. కరెంటు చాలాసేపు పోతే మొహమాటపడకుండా పారేయండి.

ఇదంతా ఒక గిన్నెడు సలాడ్ కోసమేనా అంటారేమో. ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను.

తాండూరులో నాతోపాటు ఒకే టేబుల్ దగ్గర పనిచేసిన మిత్రుడొకడున్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పోయిన ఏడాది ఆయన భార్య పోయింది. ఫోన్ చేస్తే "బాగనే ఉన్న" అనేవాడు. ఆ "బాగనే"లో ఏముందో నాకు తెలుసు, ఆరు నెలలు నేనూ అదే మాట అన్నాను గనుక. ఒక ఉదయం సలాడ్ చేసి, స్టీలు డబ్బాలో పెట్టి, కింద ఐసు ముక్కల సంచి పెట్టుకొని రైలెక్కాను. 1874లో నిజాం కాలాన వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన లైను అది. వికారాబాద్ నుంచి తాండూరు నలభై కిలోమీటర్లు. ఉద్యోగకాలంలో ఆ దారిలో ఎన్ని వందలసార్లు తిరిగానో. ప్రతిసారీ చేతిలో మా ఆవిడ కట్టిచ్చిన డబ్బా ఉండేది. నేను వండిన డబ్బాతో ఎక్కడం అదే మొదలు.

వాళ్ళింటికి వెళ్ళి డబ్బా తెరిచాను. "ఏం తెచ్చినవయ్యా? ఎవరు చేసిండ్రు?" అన్నాడు. "నేనే" అన్నాను. నమ్మలేదు. ఒక చెంచా తిని, రెండో చెంచా తిని, మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత లేచి వంటింట్లోకి పోయి అలాగే నిలబడ్డాడు. కాసేపటికి, "చాయ్‌పత్తి డబ్బా ఏడున్నదో దొరకలే. నువ్వు దేవులాడు" అన్నాడు. ఇద్దరం కలిసి వెతికాం. దొరికింది. చాయ్ నేనే పెట్టాను.

ఇప్పుడు ప్రతి నెలా పింఛను పడిన తర్వాత వచ్చే ఆదివారం ఒకసారి నేను తాండూరు వెళ్తాను, మరుసటి నెల ఆయన ఇక్కడికి వస్తాడు. ఎవరింట్లో కలిస్తే వారే వండాలి. ఆయనకు పప్పుచారు నాకంటే బాగా వస్తుంది, ఒప్పుకుంటున్నాను.

కనుక సంఘానికి నా మనవి రెండు మాటలు. మొదటిది, నెలకొక పూట మన భవనంలో గ్యాసు పొయ్యి ఒకటి పెట్టి, వంట తెలిసిన సోదరీమణుల చేత ఒక వంట నేర్పించండి. నేను పేరు రాయించుకుంటాను. రెండోది, భార్య బతికి ఉన్న సోదరులకు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి, "ఏ డబ్బాలో ఏముందో చూపించు" అని అడగండి. ఆమె నవ్వుతుంది. నవ్వనివ్వండి. గురువు ఇంట్లో ఉండగానే చదువుకోని విద్యార్థిని నేను. నేను చేసిన సలాడ్ ఆవిడ ఒక్కసారి కూడా తినలేదు. ఆ బాకీ ఏ ఖాతాలోనూ తీరదు.

బయట బల్ల మీద పెద్ద గిన్నెలో సలాడ్ పెట్టాను. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంటే అయింది. నిర్భయంగా తినండి. సెలవు.